మాట చెప్పినోళ్లు, మాట రాసుకున్నోళ్లు: భాషా పరిశోధనలో మన పిల్లల చోటు

భాష మీద పరిశోధన జరిగే చోట రెండు కుర్చీలుంటాయి. ఒకదాంట్లో కూచున్నవాడు అడుగుతాడు. రెండోదాంట్లో కూచున్నవాడు చెప్తాడు. నిజానికి మన వాడల్లో రెండోవాడికి కుర్చీ కూడా ఉండదు. అరుగు మీదనో, చేను గట్టు మీదనో కూచోని చెప్తాడు. అడిగినవాడి పేరు పుస్తకం అట్ట మీదికెక్కుతుంది. చెప్పినవాడి మాట పుస్తకం లోపలికి పోతుంది, పేరు మాత్రం ఎక్కడికీ పోదు. ఈ ఇద్దరి నడుమ మూడో మనిషి ఒకరున్నారు: చేతిలో ప్రశ్నల పట్టిక పట్టుకొని ఊరూరు తిరిగిన విద్యార్థి. ఇవ్వాళ ఆ మనిషిని ఇంటర్న్ అంటున్నారు. నూరేండ్లకు పైబడిన తెలుగు భాషా పరిశోధనను ఈ ముగ్గురి చరిత్రగా చదివితే మనకు కనపడేది వేరే చరిత్ర.

ముందు గిడుగు రామమూర్తి సంగతి. వాడుక భాషా ఉద్యమకారుడిగానే మన పాఠ్యపుస్తకాలు ఆయన్ని చెప్తాయి. కాని అంతకన్న ముందే పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండి సవర భాష నేర్చుకున్నాడు. సవరలను ఇంట్లో ఉంచుకొని, వాళ్ల నోటి నుంచి మాటలు విని, 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించాడు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పాటుపడ్డాడు. అది చిన్న పని కాదు. బ్రాహ్మణ పండితుడు అడవి మనుషుల దగ్గర శిష్యుడిగా కూచోవడం ఆ కాలానికి పెద్ద తిరుగుబాటే. అయినా గిడుగు పేరు మీద ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఆయనకు పాఠం చెప్పిన సవర గురువు పేరు మన పిల్లల్లో ఒక్కరు చెప్పగలరా?

ఆ తర్వాత పెద్ద ఘట్టం మాండలిక వృత్తి పదకోశం. 1957లో ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున భద్రిరాజు కృష్ణమూర్తి ఈ పని తలకెత్తుకున్నాడు. 1962లో వ్యవసాయ పదాల సంపుటం, 1971లో చేనేత పదాల సంపుటం ఆయన సంపాదకత్వంలో వచ్చాయి. జిల్లాలకు మనుషులను పంపి, నాగలి చూపించి, మోట చూపించి, దీన్నేమంటారు దాన్నేమంటారు అని అడిగి రాసుకొచ్చిన మాటలవి. ఈ సర్వే మీదనే తెలుగుకు నాలుగు మాండలిక మండలాలున్నాయని కృష్ణమూర్తి తేల్చాడు: ఉత్తరం, దక్షిణం, తూర్పు, మధ్య. మన తెలంగాణ అందులో ఉత్తర మండలం. కోస్తా చదువరుల మాటే తెలుగు, మిగతాదంతా యాస అని వెక్కిరించే కాలంలో, తెలంగాణ మాటకు శాస్త్రంలో సరిసమానమైన చోటు దొరకడం మనం గౌరవించాల్సిన విషయం.

గౌరవిస్తూనే ఒకటి అడగాలి. ఆ పటం మీద భాష జిల్లాను బట్టి మారుతుంది. మన ఊర్లో మాత్రం భాష వీధి దాటితే మారుతుంది. వ్యవసాయం ఒక వృత్తి అనుకుంటే పదకోశం ఒకటే. కాని పొలం గట్టు మీద నిలబడ్డవాడి వ్యవసాయం, బురదలో వంగినామె వ్యవసాయం ఒకటేనా? మునుం పట్టడం కూలామె మాట. కోత అయినంక రాలిన గింజలు ఏరుకునే పరిగె, కల్లం ఊడ్చినంక దక్కే అడుగు గింజలు, ఇవి పొలం లేనివాళ్ల మాటలు. పంట ఎంతైంది అని ఆసామి లెక్కపెట్టే చోట, కింద ఎంత రాలింది అని మావోళ్లు లెక్కపెట్టినరు. చెరువు దగ్గరికి పోతే తూము, మత్తడి, శిఖం తెలిసినవాడు నీరడి. ఏ మడికి ఎప్పుడు నీళ్లు పారాలో రాత్రంతా మేలుకొని చూసింది అతను. ఆ మాటలు జిల్లా మాటలు మాత్రమే కాదు, కులం మాటలు, కష్టం మాటలు. ఏ మాట పదకోశంలో ఉంది, ఏది లేదు అన్న లెక్క కాదు నేను అడుగుతున్నది. మాట పక్కన ప్రాంతం పెట్టాలని తోచిన శాస్త్రానికి, మాట పక్కన మనిషిని పెట్టాలని ఎందుకు తోచలేదన్నది ప్రశ్న.

ఆ ప్రశ్న అప్పటికి పుట్టలేదా అంటే పుట్టింది. జాన్ గంపర్జ్ అనే అమెరికా పండితుడు ఉత్తరప్రదేశ్‌లో సహారన్‌పూర్ జిల్లా ఖలాపూర్ అనే ఊర్లో పనిచేసి 1958లో ఒక వ్యాసం ప్రకటించాడు. ఒకే ఊర్లో ఉంటూ చమార్లు, భంగీలు మాట్లాడే తీరు మిగతా కులాల తీరుకన్న వేరుగా ఉందని చూపించాడు. అందులో అసలు విషయం ఇంకొకటుంది. వీళ్లు రోజూ పై కులాల ఇండ్లల్లో, పొలాల్లో పనిచేస్తారు, పొద్దంతా మాట్లాడుకుంటారు. మరి మాట ఎందుకు కలవలేదు? పని సంబంధం ఉంటే చాలదు, స్నేహం ఉండాలి, పిల్లలు కలిసి ఆడుకోవాలి, అప్పుడే మాట కలుస్తుందన్నాడు గంపర్జ్. అంటరానితనం అంటే ఏమిటో ఒక వ్యాకరణ పరిశీలన చెప్పిన తీరు ఇది. కన్నడ, తమిళ ప్రాంతాల్లో కూడా ఆ కాలంలోనే కుల మాండలికాల మీద పని మొదలైంది. అక్కడ ముఖ్యంగా బ్రాహ్మణ, బ్రాహ్మణేతర అని రెండు గంపలు కట్టారు. రెండో గంపలో ఉన్న మాల మాదిగలు కాపు, రెడ్లతో కలిసిపోయి కనపడకుండా పోయారు. రాజకీయాల్లో జరిగిందే భాషాశాస్త్రంలోనూ జరిగింది.

ఇంతవరకు మాట సంగతి. మాట వెనక ఉన్న మెదడు సంగతికి వస్తే వ్యవహారం ఇంకా గడ్డుది. మాట మీద తీర్పు ఇచ్చినోళ్లు పరాచికం ఆడి ఊరుకుంటారు. మెదడు మీద తీర్పు ఇస్తే పిల్లవాడు బడి బయటపడతాడు.

1931, 32లో రష్యా మనస్తత్వ శాస్త్రవేత్త లూరియా ఉజ్బెకిస్తాన్ పల్లెలకు పోయాడు. చదువురాని రైతుల ముందు సుత్తి, రంపం, గొడ్డలి, కట్టెమొద్దు బొమ్మలు పెట్టి ఇందులో ఏది వేరు అని అడిగాడు. కట్టెమొద్దు వేరు, మిగతావి పనిముట్లు అన్నది ఆయన ఆశించిన జవాబు. రైతులు ఒప్పుకోలేదు. కట్టె లేకుంటే రంపంతో ఏం కోస్తవు, అన్నీ కలిసే ఉండాలె అన్న అర్థంలో చెప్పారు. ఇది ఊహాత్మక ఆలోచన లేకపోవడమని చదువుకున్నవాళ్లు వ్యాఖ్యానం చేశారు. మా ఊరి వడ్లాయనను అడిగినా అదే జవాబు చెప్తాడు, ఆయన ఆలోచనలో లోటేమీ లేదు. 1981లో స్క్రిబ్నర్, కోల్ లైబీరియాలో వాయి జనం మధ్య చేసిన పని ఈ వ్యాఖ్యానాన్ని దెబ్బకొట్టింది. అక్కడ బడికి పోకుండానే సొంత లిపి నేర్చుకున్నవాళ్లున్నారు. చదవడం రాయడం వేరు, బడిలో నేర్పే జవాబు పద్ధతి వేరు, రెండింటినీ కలిపి తెలివి అనొద్దని ఆ పరిశోధన తేల్చింది.

మన టీచర్లు తప్పక తెలుసుకోవాల్సింది విలియం లాబొవ్ సంగతి. 1960లలో న్యూయార్క్ హార్లెంలో నల్లజాతి పిల్లల భాష మీద పనిచేశాడు. ఆ పిల్లలకు భాషే లేదు, అందుకే చదువు రావడం లేదు అని అప్పటి విద్యావేత్తలు పుస్తకాలు రాస్తున్నారు. దానికి జవాబుగా 1969లో లాబొవ్ ఒక వ్యాసం రాశాడు. అందులో ఎనిమిదేండ్ల పిల్లవాడి ముచ్చట వస్తుంది. ఏమడిగినా ఒక్క ముక్కలో జవాబిచ్చి ఊరుకుంటాడు. అడిగింది తెల్లవాడు కూడా కాదు. హార్లెంలోనే పెరిగిన క్లారెన్స్ రాబిన్స్ అనే నల్ల యువకుడు. అయినా పిల్లవాడు నోరు తెరవలేదు. రెండోసారి రాబిన్స్ ఆలూ చిప్స్ పొట్లం తెచ్చాడు. పిల్లవాడి దోస్తును పిలిచాడు. కుర్చీ దిగి నేల మీద కూచున్నాడు. పెద్దల ముందు అనకూడని మాటలు తానే అన్నాడు. ఇక చూడండి, ఇద్దరు పిల్లలు ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ మాట్లాడుతూనే ఉన్నారు.

ఈ ఉదంతంలో మనకు రెండు సంగతులున్నాయి. మొదటిది అందరం చెప్పుకునేదే: మన పిల్లలను మనవాళ్లే అడగాలె. రెండోదే అంత తేలికగా మింగుడుపడదు. మొదటిసారి అడిగింది కూడా మనవాడే కదా, మరి ఎందుకు పనికాలేదు? మనిషి మారితే చాలదు, కుర్చీ మారాలె. మనవాడు ఒకడు పోయి అదే కుర్చీలో అదే ఎత్తున కూచుంటే, వాడలో పిల్లవాడికి కనపడేది పరీక్ష పెట్టే సారే. మన ఉద్యమాల్లో ప్రాతినిధ్యం గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండో సంగతిని దాటేస్తున్నాం.

కులం పేరు ఎత్తితే బుద్ధి మీద ఏం జరుగుతుందో చూపించిన ప్రయోగం మన దేశంలోనే జరిగింది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతులు చదివే 642 మంది మగపిల్లలకు కాగితం మీద చిక్కుదారుల ఆటలిచ్చారు. సగం మంది దళితులు, సగం మంది పై కులాలవాళ్లు. కులం ఊసెత్తనప్పుడు రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒక్కొక్కరి పేరూ కులమూ అందరిముందు పైకి చదివినప్పుడు దళిత పిల్లలు విప్పిన చిక్కుల సంఖ్య పడిపోయింది. మెదడు అదే, ఆట అదే, కాగితం అదే. 2004, 2006లలో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ఎస్సీలు లేచి నిలబడండి, స్కాలర్‌షిప్ ఫారాలు తీసుకోండి అని తరగతిలో పిలిచే ప్రతి బడిలో ఈ ప్రయోగం రోజూ జరుగుతున్నట్టే. ఫలితం రాసుకునేవాళ్లే లేరు.

ఇంకొక పరిశోధన కన్నడంలో జరిగినా మనకు అక్షరాలా పనికొస్తుంది. సోనాలి నాగ్ 2007లో ప్రకటించిన పనిని బట్టి, ఇంగ్లీషులో లాగ ఇరవయ్యారు అక్షరాలు కాకుండా గుణింతాలు, ఒత్తులు కలిపి వందల అక్షరాలు నేర్వాల్సిన లిపిలో పిల్లలకు పూర్తిగా పట్టు రావడానికి నాలుగో తరగతి దాకా, ఆ తర్వాత కూడా సమయం పడుతుంది. వసతుల్లేని బడుల్లో ఇంకా ఆలస్యం. తెలుగు లిపి తీరు కూడా అదే. మరి రెండో తరగతిలోనే పిల్లకు మొద్దు అని పేరు పెట్టే హక్కు ఎవరిచ్చారు?

ఇప్పుడు హైదరాబాదుకు వద్దాం. నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు జబ్బుతో వచ్చిన 648 మంది వివరాలు పరిశీలించి 2013లో ఒక వ్యాసం ప్రకటించింది. వాళ్లల్లో 391 మంది రెండు అంతకన్న ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష వచ్చినవాళ్లకన్న వీళ్లకు జబ్బు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైంది. బడి మొఖం చూడనివాళ్లల్లో కూడా ఈ తేడా కనపడటం ఆ వ్యాసం ప్రత్యేకత. అంతకుముందు కెనడాలో ఇట్లాంటి ఫలితమే వచ్చింది గాని, అది వలస వచ్చినవాళ్ల ఆరోగ్యం వల్లనో చదువు వల్లనో అని అనుమానాలు లేశాయి. ఆ అనుమానం తీర్చింది హైదరాబాదు ముసలివాళ్లు. ఉస్మానియా భాషాశాస్త్ర శాఖలో పనిచేసిన దుగ్గిరాల వసంత కూడా ఆ వ్యాస రచయితల్లో ఉన్నారు. కొన్ని దేశాల్లో చేసిన అధ్యయనాల్లో ఇదే ఫలితం రాలేదు, చర్చ నడుస్తూనే ఉంది. ఆ సంగతీ చెప్పాలి.

షాద్‌నగర్ వాళ్లకు ఇందులో వింతేమీ కనపడదు. 2016లో రంగారెడ్డి జిల్లాలో కలిసిందాకా మాది పాలమూరు జిల్లా. ఫరూఖ్‌నగర్ అంగట్లో దక్కనీ ఉర్దూ రాకపోతే బేరం కాదు. తండాల పక్క ఊర్లల్లో లంబాడీ మాట చెవిన పడనివాళ్లు లేరు. నారాయణపేట దిక్కు చుట్టరికం ఉన్నోళ్లకు కన్నడం వస్తది. బొంబాయికి, పూణెకు పోయి మట్టి మోసినోళ్లకు మరాఠీ, హిందీ వచ్చినయి. 2008లో శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలైనంక, కొత్తూరు ఫ్యాక్టరీల్లో బీహారు, ఒడిశా కూలీలు వచ్చినంక, ఇంకో రకం హిందీ కలిసింది. సంతకం రాని మా పెద్దమ్మ నాలుగు భాషల్లో బేరమాడుతది. బడి లెక్కలో ఆమె నిరక్షరాస్య. ఇంగ్లీషు, తెలుగు రెండు వచ్చిన ఉద్యోగి ద్విభాషావేత్త.

మాతృభాష పేరు మీద ఇంగ్లీషును మనకు అడ్డుపెట్టే వాదన ఒకటుంది కనుక ఇక్కడే ఒక మాట. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం తెచ్చినప్పుడు, పిల్లల మెదడు దెబ్బతింటుందని కొంతమంది భాషాభిమానులు బాధపడ్డారు. వాళ్లల్లో ఎక్కువమంది పిల్లలు అప్పటికే ఇంగ్లీషు చదువులు అయిపోగొట్టినవాళ్లే. తెలిసిన భాషలో చదువు మొదలుపెడితే పునాది గట్టిపడుతుందన్న శాస్త్రం నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది ఆదివాసీ భాషల్లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం ఆ నిజం మీదే నిలబడింది. కాని బడిలో ఉన్న తెలుగు మా వాడ తెలుగు కూడా కాదు కదా. మా పిల్లలకు రెండూ కావాలె, ఇంట్లో మాటకు మర్యాద కావాలె, బయటి ఇంగ్లీషూ కావాలె. ఒకటి ఇచ్చి ఒకటి లాక్కోవడాన్ని శాస్త్రం అనొద్దు.

ఇక విద్యార్థి చోటు సంగతి. మన పిల్లలు రెండో కుర్చీ నుంచి మొదటి కుర్చీకి పోయే దారి ఏది? చరిత్రలో మనకున్న గొప్ప ఉదాహరణ అంబేద్కర్. 1916 మే నెలలో కొలంబియాలో గోల్డెన్‌వైజర్ అనే మానవశాస్త్ర ఆచార్యుడి సెమినార్‌లో ఇరవై అయిదేండ్ల విద్యార్థిగా భారతదేశంలో కులాల మీద పత్రం చదివాడు. మరుసటేడు అచ్చయింది. రిస్లీ, సెనార్, కేట్కర్ వంటి పండితుల సిద్ధాంతాలను ఒక్కొక్కటిగా విప్పి చూపించాడు. అప్పటిదాకా మహర్లు కొలతలకు నిలబడ్డ మనుషులు మాత్రమే. కొలిచేవాడి కొలబద్దనే కొలిచినవాడు మొదటిసారి వచ్చాడు. ఆయన వెనక బరోడా మహారాజు ఇచ్చిన మూడేండ్ల స్కాలర్‌షిప్ ఉంది. తెలివి ఒక్కటే తీసుకపోలేదు, నెలనెలా పైసలు తీసుకపోయినయి.

ఇప్పుడు దారులు లేవని కాదు. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి నడిపే వేసవి పరిశోధన ఫెలోషిప్ 1995 నుంచి ఉంది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రానికి ఒక కేంద్రం, మెదడు, జ్ఞాన శాస్త్రాలకు ఒక కేంద్రం ఉన్నాయి. ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతికత ప్రయోగశాలలున్నాయి. షాద్‌నగర్ నుంచి గచ్చిబౌలి బస్సు చార్జీ దూరమే. కాని దరఖాస్తు ఫారం తెరిస్తే మొదట అడిగేది ఏమిటి? నిన్ను ఎరిగిన అధ్యాపకుడి సిఫారసు ఉత్తరం. ఖాళీ పోస్టులతో, గంటల లెక్కన చెప్పే లెక్చరర్లతో నడిచే డిగ్రీ కాలేజీలో మన పిల్లను ఎరిగిన అధ్యాపకుడెవరు? తర్వాత, నీకు ఈ విషయం మీద ఆసక్తి ఎందుకో ఇంగ్లీషులో ఒక పేజీ. ఆ పేజీలో పెద్దమ్మ నాలుగు భాషల సంగతి రాయొచ్చని పిల్లకు ఎవరు చెప్తారు? పోయినేడు ఇంటర్ పూర్తయిన మా వాడ పిల్ల అడిగింది: “అన్నా, గీ ఇంటర్న్‌షిప్ అంటే వాళ్లు పైసలిస్తరా, మనమే కట్టాల్నా?” నవ్వాల్సిన ప్రశ్న కాదది. సర్టిఫికెట్ కోసం ఎదురు పైసలు కట్టించుకునే దుకాణాలు ఊరూరా తెరిచినరు.

లోపలికి పోయినంక జరిగేది కూడా చెప్పాలి. నేను ఎమ్మే చదివేటప్పుడు ఒక సంస్థలో రెండు నెలలు పనిచేసిన. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. నా పని వాడలకు పోయి ముసలోళ్లతో మాట్లాడించి రికార్డు చేసుకొచ్చుడు. నన్ను ఎందుకు పంపిరంటే, వేరేవాళ్లు పోతే మావోళ్లు నోరు విప్పరు. బొమ్మల వరసలో కాఫీ కప్పు, టై, పియానో ఉంటే, వీటిని మా అవ్వలు గుర్తుపట్టరు, ఇది మతిమరుపు కాదు అని నేనే చెప్పి మార్పించిన. పరీక్ష తయారుచేసిన పని అది. చివరికి వ్యాసంలో నా పేరు సహాయకుల వరసలో కూడా రాలేదు. స్టైపెండ్ ఆర్నెల్లకు వచ్చింది. వడ్డీకి తెచ్చిన పైసలతో ఆ ఆర్నెల్లు గడిచినయి.

స్టైపెండ్ ఆలస్యం చిన్న విషయమనుకునేవాళ్లు 2016 జనవరి 17ను గుర్తుచేసుకోవాలి. రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో కూడా, రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై అయిదు వేల రూపాయల లెక్క రాసి పోయాడు. చనిపోయే ముందు కూడా లెక్క రాయాల్సి వచ్చిన పరిశోధకుడు ఏ కులం నుంచి వస్తాడో వేరే చెప్పాలా?

ఇప్పుడు మాటలకు కొత్త గిరాకీ వచ్చింది. యంత్రాలకు తెలుగు నేర్పాలంటే లక్షల గంటల మాట కావాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో భాషిణి మొదలుపెట్టింది. స్వేచ్ఛ సంస్థ పిలుపు మీద వేలమంది ఇంజనీరింగ్ విద్యార్థులు తెలుగు కథలను పోగుచేసి సరిచూశారు. దానితో 'చందమామ కథలు' అనే చిన్న భాషా నమూనా తయారైంది. మంచి పనే. కాని పేరు చూడండి, ఏ తెలుగు ముందు ఎక్కుతుందో అర్థమైతది. అచ్చులో ఉన్న తెలుగు ముందెక్కుతుంది, అచ్చులో మనం లేము. షాద్‌నగర్ దగ్గర ఉపగ్రహాలు పంపే సమాచారం అందుకునే పెద్ద పెద్ద డిష్షులున్నాయి. వందల కిలోమీటర్ల పైనుంచి వచ్చే సంకేతం పొల్లుపోకుండా పడతయి. వాటికి కూతవేటు దూరంలోని వాడ మాట మాత్రం ఏ యంత్రానికీ అందలేదు. రేపు ఆసుపత్రిలో, బ్యాంకులో, రేషన్ షాపులో యంత్రమే మాట వినే రోజు వస్తే, అందుకోని మాట మాట్లాడేవాళ్ల గతి ఏంది?

కనుక వాడల్లో మాటలు సేకరించే పని మన పిల్లలే పట్టాలె. నెలకు ఇంత అని ముందే తేల్చుకొని, చేసిన పనికి పేరు రాసిస్తామని కాగితం మీద పెట్టించుకొని పట్టాలె. లేకుంటే అది కంప్యూటర్ ముందు వెట్టి. మాట చెప్పిన తాతకూ అవ్వకూ ఇష్టమైతే వాళ్ల పేరు కూడా ఉండాలె. గంట మాటకు అరపూట కూలి పోతుంది కనుక ఆ కూలీ కట్టివ్వాలె.

మొదలు ఎక్కడంటే తోలు పని దగ్గర. తోలు నానబెట్టే లంద, తంగేడు చెక్క దంచి కలిపే తీరు, కోసే రంపె, కుట్టే ఆరె, మోటకు కట్టే తొండం, డప్పుకు ఒక చేతిలో చిర్ర, ఇంకో చేతిలో చిటికెన పుల్ల, ఏ చావుకు ఏ దెబ్బ, ఏ జాతరకు ఏ దెబ్బ. లంద అన్న మాటను ఊర్లో తిట్టుగా వాడినరు. తోలు ఎన్ని దినాలు నానితే వెంట్రుక ఊడుతదో వాసన పట్టి చెప్పిన మనిషి తెలివి ఆ మాటలో ఉందని ఆ తిట్టినోళ్లకు తెల్వదు. మోటలు బంద్ అయి కరెంటు మోటార్లు వచ్చి యాబై ఏండ్లు దాటుతున్నది. చేతులతో ఆ పని చేసినోళ్లు ఇప్పుడు డెబ్బై, ఎనబై ఏండ్ల మీద ఉన్నరు. మా వాడలో ఇద్దరే మిగిలిన్రు, అందులో ఒకాయనకు ఈ మధ్య మాట తడబడుతున్నది.